చప్పుడు లేని ఇంజను

“అడిగానత్తయ్యా. రేవు మెట్ల మీద ఎదురుగా నిలబడి అడిగాను. ఆయన తలూపారు.”

“మళ్ళీ అదే పాట!” అత్తగారు పొయ్యి మీది గిన్నె దించి గట్టు మీద ఠపీమని పెట్టింది. “నువ్వు అడిగానంటావు. ఆయన నన్నెవరూ అడగలేదంటారు. ఒకే ఇంట్లో రెండు నిజాలు పెట్టుకుని నేనెవరికి వడ్డించను, ఎవరికి మానను?”

కోడలు తల వంచుకుని గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న గ్రీజుని పుల్లతో గీరుతోంది. ఎంత గీరినా పోవడం లేదు. వారం రోజులుగా ఆమె మీద పడ్డ నిందా అంతే.

“ముప్పై ఏళ్ళ కాపురం నాది.” అత్తగారి గొంతు కిటికీ దాటి, ప్రహరీ దాటి పక్కింటి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ గుసగుసలాడినా రేవుకి వినిపిస్తుందని వీధిలో ఎగతాళి చేస్తారు. “ఆయన నోట్లోంచి కోపం వచ్చింది, కటువు మాట వచ్చింది, ఒక్కోసారి నాలుగు రోజులు అసలు మాటే రాలేదు. అబద్ధం మాత్రం రాలేదు.”

“అంటే అబద్ధం నాదన్నమాట.”

“ఏమిటీ? నోట్లో గొణుక్కోకు. ఈ ఇంట్లో మాట్లాడితే వినపడాలి!”

మాట్లాడితే వినపడాలి. ఈ ఇంటికొచ్చి మూడేళ్ళయింది గానీ కోడలికి ఆ విద్య ఒక్కటీ అబ్బలేదు. ఇది సరంగు ఇల్లు. లాంచీ నడిపే మనిషి, ఆయన పెళ్ళాం, ఆయన కొడుకు, అందరూ ఇంజను చప్పుడుని మించి గొంతు పెంచి బతికినవాళ్ళే. ఉప్పు అందించమన్నా కేకే.

ఆమె పుట్టింట్లోనూ ఇంజన్లే. కానీ తీరు వేరు. తండ్రి మెకానిక్కు. షెడ్డులో ఎవరు గొంతు పెంచినా, “ఇంజను మాట్లాడుతుంటే మనిషి మాట్లాడకూడదు,” అని పెదాల మీద వేలు పెట్టేవాడు. ఇంజను రోగాన్ని చెవితో పట్టుకునే ఇల్లది. ఆ పనీ, ఆ మెల్లని గొంతూ రెండూ ఆమెకి తండ్రి నుంచే వచ్చాయి.

వీధి తలుపు తోసుకుని మొగుడొచ్చాడు. చేతిలో ఖాళీ క్యారియరు. బళ్ళో పాఠాలు చెబుతాడు కాబట్టి ఊరికి అతను పంతులు. సరంగు కొడుకై ఉండీ, కట్టేసిన పడవలో కాలు పెట్టినా కళ్ళు తిరుగుతాయి. అందుకే తండ్రికి క్యారియరు కూడా ఒడ్డునే నిలబడి అందించి వస్తాడు.

“కూర బాగుందన్నాడు,” అన్నాడు పంతులు.

“కూర సంగతి ఎవడడిగాడు? ఇంటికొస్తారా, రారా?”

“నా ఇంజను ఇంటికొస్తే నేనూ వస్తా అన్నాడు.”

“ఇంకెక్కడి ఇంజనురా! పాత ఇనుము కొట్టువాడు సుత్తితో ముక్కలు చేసి కొలిమికి పంపేశాడుగా!”

ఆ సుత్తి దెబ్బలు కోడలి చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఏడాదిగా మామా కోడళ్ళిద్దరూ కలిసి ఆ పాత కేబిన్ లాంచీని బాగుచేస్తున్నారు. పెచ్చులూడిన రంగు గీకారు. వడ్రంగిని పెట్టి, ఇంజను కూర్చునే దుంగలు కుళ్ళిపోతే కొత్తవి వేయించారు. పాత ఇంజను తీసి కొత్తది బిగించాలన్నది అందరూ ఒప్పుకున్న మాటే. తీసిన పాతదాన్ని ఏం చేయాలన్నదే మిగిలింది.

“మామయ్యా, దీన్ని పాత ఇనుముకి ఇచ్చేయమంటారా?” అని ఆమె అడిగింది. ఆయన తల నిలువుగా ఊపాడు. ఇచ్చేసింది.

కొట్టువాడు రేవులోనే దాన్ని పగలగొడుతుంటే మామగారు వచ్చాడు. ఆ ముక్కల్ని చూశాడు. ముఖం పాలిపోయింది. “ఎవరిమ్మన్నారు?” అన్నాడు. “మీరే కదా మామయ్యా,” అంది. “నన్నెవరడిగారు? ఒక్క మాటైనా అడిగారా?” అని రేవంతా మోగేలా అరిచి, లాంచీ ఎక్కి కేబిన్ తలుపు వేసుకున్నాడు. అప్పట్నుంచీ తిండీ నిద్రా అందులోనే.

రేవులో అందరూ ఆమె వైపు చూశారు. ఆ చూపుల్లో ఉన్నది ఆమెకి బాగానే అర్థమైంది. అడక్కుండా అమ్ముకుంది, పైగా పెద్దాయన మీద పెట్టింది.

“ఇవాళ నీళ్ళ మీద పరీక్ష ఉంది,” అంది కోడలు మొగుడితో. “అది కానిచ్చి నాన్న షెడ్డుకి వెళ్తాను.”

“వెళ్ళు. ఓ రెండు రోజులుండి రా.”

“రెండు రోజులని నేననలేదు. ఈ ఇంట్లో నా మాట నమ్మేదాకా.”

పంతులు క్యారియరు గిన్నెలు ఒకదాన్నించి ఒకటి విడదీస్తూ ఉండిపోయాడు. అతనికి క్లాసులో నలభై మంది నోళ్ళు మూయించడం తెలుసు. ఇంట్లో ఇద్దరి నోళ్ళు తెరిపించడం తెలీదు.

“నువ్వైనా నమ్ముతావా?” అని అడిగింది.

“నమ్ముతాను. కానీ నాన్ననీ నమ్ముతాను. అదే నా చావు.”

వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మెల్లగా చెప్పుకున్న మాటలు కూడా ఆవిడ చెవిన పడకుండా పోవు.

“ఎక్కడికీ వెళ్ళేది లేదు. ఇవాళ పరీక్షకి మీ మామయ్యా నువ్వూ ఒకే పడవలో వెళ్తారు. వేరే ఎవరూ ఎక్కరు. నీళ్ళ మధ్య తలుపేసుకోవడానికి చోటుండదు, పుట్టింటికి వెళ్ళడానికి దారుండదు. తేల్చుకుని రండి.”

*

లాంచీ రేవులో తెల్లగా మెరుస్తోంది. కిటికీల చుట్టూ ఉన్న ఇత్తడి చట్రాలు అత్తగారు స్వయంగా తోమినవి. లోపల ఎదురెదురుగా రెండు పడకలు, మూలన చిన్న పొయ్యి గట్టు, ముందు భాగంలో చుక్కాని చక్రం. ఒకప్పుడు ఎవరో షావుకారు షికార్లకి చేయించుకున్నది. షావుకారు పోయాక, దాన్ని నడిపిన సరంగు చేతికే వచ్చింది.

వడ్రంగి గట్టు మీద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

“ఏమ్మా, ఇవాళైనా కలుపుతున్నావా, లేకపోతే పిల్లనిచ్చి కాపురానికి పంపనట్టు ఇంకా నాన్పుతావా?”

కోడలు నవ్వలేకపోయింది. ఇంజన్నీ, నీళ్ళలో ఫ్యాను తిప్పే ఇరుసునీ ఒడ్డున ఉండగానే కలిపేయమని అందరూ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఒడ్డున దిమ్మల మీద కూర్చున్న పడవకి ఒక ఒళ్ళు, నీళ్ళలో తేలే పడవకి ఇంకో ఒళ్ళు. నీళ్ళలోకి దిగి కొన్నాళ్ళు నానాక గానీ అసలు ఆకారం తెలీదు. అప్పుడు కలపాలి. ముందే కలిపేస్తే ఇరుసు లోలోపల తన్నుకుంటుంది.

ఇంజను గదిలోకి దిగి, కలిపే చోట చుట్టూరా సన్నటి ఇనుప రేకు దూర్చి చూసింది. పైన ఎంత సందో, కింద అంతే. ఎడమ ఎంతో, కుడి అంతే. బోల్టులు ఒక్కొక్కటే బిగించింది.

పైకొచ్చేసరికి మామగారు చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఆమె వైపు చూసీ చూడనట్టు చూశాడు.

“బయల్దేరదామా మామయ్యా?”

ఆయన చక్రం మీది దుమ్ము తుడుస్తున్నాడు.

గట్టు మీంచి వడ్రంగి అందుకున్నాడు. “దుంగలు కుళ్ళితే నేను మార్చాను గానీ, మామా కోడళ్ళ మధ్య కుళ్ళిందాన్ని మార్చే చెక్క నా దగ్గర లేదు బాబూ!”

“నువ్వు నోర్ముయ్,” అంది అత్తగారు. నలుగురు తలలు తిప్పి చూశారు.

కోడలు తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, వెంటనే కుదురుకుంది. పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టుంది, అంతే. వెనక గొట్టం లోంచి, ఇంజనుని చల్లబరిచిన నీళ్ళు ఉమ్మినట్టు పడుతున్నాయి. పొగ లేదు. అదురు లేదు. ఇంజను కింద పెట్టిన రబ్బరు దిమ్మలు మొత్తం మింగేశాయి. ఏడాది కష్టం. ఒక్క మంచి మాట కోసం ఆమె మామగారి ముఖంలోకి చూసింది.

ఆయన ముందుకే చూస్తూ, “ఊఁ, ఇంకెప్పుడు స్టార్టు చేస్తావ్?” అన్నాడు.

గట్టు మీద పంతులు పగలబడి నవ్వాడు. “నాన్న జోకేశాడే!”

కోడలికి అది జోకులా అనిపించలేదు. ఇంజను తిరుగుతుంటే ఎప్పుడు తిరుగుతుందని అడగడమంటే, ఇది ఇంజనే కాదనడం. మూడేళ్ళుగా అంతే. ఆమె ఏది చెప్పినా ఆయన ఉలకడు, పలకడు. అదే మొగుడు అరిచి అడిగితే వెంటనే చెబుతాడు. కొడుకు కొడుకే, కోడలు కోడలే అనుకుని ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో.

“తిరుగుతోంది,” అంది ముభావంగా, వేలితో వెనక పడుతున్న నీళ్ళు చూపిస్తూ.

ఆయన వెనక్కి వంగి ఆ నీళ్ళు చూశాడు. అరచేయి కేబిన్ గోడకి ఆనించి ఒక్క క్షణం ఉంచాడు. తాడు విప్పమని చేత్తో సైగ చేశాడు.

*

ఏటి మలుపు తిరిగాక రేవు కనిపించడం మానేసింది. లాంచీ నీళ్ళని కోస్తూ పోతోంది. ఇంజను ఎక్కువ తిరుగుతోందని ఆమెకి తెలుస్తోంది. మొదటి రోజే దాన్ని అలా తరమకూడదు.

“కొంచెం తగ్గించండి మామయ్యా.”

ఆయన తగ్గించలేదు.

పంతం పడుతున్నాడనుకుంది. ఇంజనునైనా పాడుచేసి తన మాట నెగ్గించుకోవాలనుకుంటున్నాడా? కిందికి దిగి, ఇరుసు పడవలోంచి నీళ్ళలోకి పోయే చోట చెయ్యి పెట్టి చూసింది. చుక్క చుక్కగా కారుతోంది. అలాగే కారాలి. అసలు కారకపోతే లోపల కాలిపోతుంది. ఈయన కూడా ఒక్క చుక్క కారనిచ్చి ఉంటే బాగుండేది అనుకుంది. కోపమైనా సరే, నాలుగు తిట్లైనా సరే.

అప్పుడు వినిపించింది హారన్.

ఇసుక బార్జి. పాయ లోంచి కుడివైపు వెనగ్గా బయటపడి, నిండు బరువుతో వస్తోంది. అది అంత తేలిగ్గా ఆగేది కాదు, తిరిగేది కాదు. పక్కకి తప్పుకోవాల్సింది లాంచీయే. కోడలు నిచ్చెన ఎక్కి తల బయట పెట్టింది. మామగారు ఎడమ గట్టు వైపు చూస్తూ తాపీగా నడుపుతున్నాడు.

మళ్ళీ హారన్, ఈసారి పొడుగ్గా.

“మామయ్యా, బార్జి.”

కదలలేదు. ఆమెకి ఒళ్ళు మండింది. నా మీద కోపం ఉంటే ఉండనీ, నీళ్ళ మీద కూడా పంతమేనా? ఇంకో మాట అనబోయి, ఆయన మెడ చూసి ఆగిపోయింది.

విననట్టు నటించే మెడ వేరు. అది బిగుసుకుంటుంది. ఆ మెడ ఆమె అత్తగారి దగ్గర చూసింది, మొగుడి దగ్గర చూసింది. ఈ మెడ బిగుసుకోలేదు. పొద్దుటి గాలికి హాయిగా వదులుగా ఉంది. వెనక అంత హారన్ మోగుతుంటే, చెట్టు మీది పిట్టలు లేచిపోతుంటే, ఆ మెడ మీద వెంట్రుక కూడా కదల్లేదు.

ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన చేతుల మీదుగా చక్రం పట్టుకుని ఎడమకి తిప్పేసింది.

“ఏయ్! ఏం చేస్తున్నావ్...” అంటూ ఆయన విసురుగా తిరిగాడు. మాట సగంలో ఆగిపోయింది. బార్జి నీడ కేబిన్ కిటికీల మీదుగా, ఇద్దరి ముఖాల మీదుగా నల్లగా జారుకుంటూ పోయింది. దాని అల తగిలి లాంచీ పక్కకి ఒరిగి లేచింది.

బార్జి మీద నుంచి ఎవడో అరిచాడు. “చెవుల్లో ఏం పెట్టుకున్నావయ్యా సరంగూ!”

ఆ మాట మాత్రం ఆయనకి వినిపించింది.

కోడలు ఇంజను వేగం తగ్గించి గేరు తీసేసింది. లాంచీ నీళ్ళ మీద ఊరికే నిలబడింది. ఇంజను మెల్లగా తిరుగుతోంది.

“ఎప్పుడు ఊదాడు?” అన్నాడు మామగారు, పెదాలు తడుపుకుంటూ.

“చాలాసేపటి నుంచీ.”

ఆయన ఆమె కళ్ళలోకి చూడటం లేదు. ఇంకొంచెం కిందికి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఈయన నా ముఖం చూసి మాట్లాడడు అనుకుందే, ఇదన్నమాట ఆయన చూసేది.

ఆమె ఊపిరి పీల్చుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తి అరిచింది. “మామయ్యా! నా మాట వినిపిస్తోందా?”

ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది, మధ్యలో చీలిపోయింది.

“వినిపించింది. మరీ అంత వద్దు, చేపలు బెదురుతాయి.” ఆయన చక్రం వదిలేసి పక్కనున్న పీట మీద కూర్చున్నాడు. ఆ మనిషిని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు ఆమె.

“ఎన్నాళ్ళుగా?”

“ఏమో. ఒక రోజున పోయిందైతే చెప్పేవాణ్ణి. ఇది రంగు వెలిసినట్టు వెలిసింది.” అరికాలితో నేలని తట్టాడు. “ఆ పాత మహాతల్లి ఇక్కడే ఉండేది, నా కాళ్ళ కింద. దాని దెబ్బకే పోయి ఉంటుంది. కానీ అది పాదాలకి చెప్పేది. ఎంత వేగమో, ఎక్కడ లోతు తగ్గిందో, అన్నీ. లాంచీ ఎక్కితే అందరూ అరిచేవాళ్ళు. ఆ చప్పుడులో అందరూ నాలాంటి వాళ్ళే. అందుకే ఇక్కడ నాకు హాయిగా ఉండేది. ఇంట్లోనేమో మీ అత్తయ్య గొంతూ వాడి గొంతూ దేవుడిచ్చినవి. ఇబ్బంది లేదు.”

“నా గొంతే...”

“నీ గొంతు నేను ఇవాళే విన్నానమ్మా.”

కోడలు చక్రానికి ఆనుకుని నిలబడింది. ఇవాళే విన్నాను అన్న మాట ఆమె లోపలికి చాలాసేపు దిగుతూనే ఉంది. మూడేళ్ళు. కాఫీ ఇవ్వనా మామయ్యా. ఈ చెక్క పనికొస్తుందా మామయ్యా. నా మీద కోపమా మామయ్యా. ఒక్కటీ ఆయనదాకా వెళ్ళలేదు.

“మెట్ల మీద నేను అడిగాను,” అంది, ఒక్కో మాటా స్పష్టంగా, ఆయన ముఖానికి ఎదురుగా. “పాత ఇంజను ఇచ్చేయమంటారా అని.”

“అడిగే ఉంటావు. పెదాలు కదిలాయి. మంచినీళ్ళు తెమ్మంటారా అన్నావనుకున్నా.”

“తలూపారు!”

“ఎప్పుడూ ఊపుతాను. పంతులు మెల్లగా ఏదైనా అడిగితే అడ్డంగా ఊపుతా. సగం సార్లు సరిపోతుంది. నువ్వడిగితే నిలువుగా ఊపుతా. ఇన్నాళ్ళూ ఒక్కసారీ తప్పు పోలేదు. నువ్వు ఎప్పుడూ సరైనదే అడుగుతావు.”

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. రెండింటినీ గ్రీజు చేతితోనే తుడుచుకుంది.

“పాత ఇంజనుని ఎందుకు ఉంచుకోవాలనుకున్నారు?”

“ఈ కొత్తది బాగాలేదని వంక పెట్టి, మళ్ళీ దాన్నే వేయించుకుందామని.” ఆయన ఇంజను గది మూత వైపు చూశాడు. “ఇది బాగుందమ్మా. బాగుంది కాబట్టే నేను దొరికిపోయాను.”

లాంచీ ప్రవాహానికి మెల్లగా పక్కకి తిరుగుతోంది.

“ఇంట్లో చెప్పకు,” అన్నాడు చివరికి.

“మామయ్యా, ఆదివారం...”

“తెలుసు. మన పంతులు క్లాసు పిల్లలు, ఈ లాంచీలో అవతలి దీవికి షికారు. ఆ ఒక్కసారి నన్ను నడపనీ. కొత్త రంగు, కొత్త ఇంజను, రేవంతా చూస్తుంటే ఒక్కసారి. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులని చెప్పి నేనే దిగిపోతా. దారి నా కాళ్ళకి తెలుసు.”

“దారి తెలుసు. ఎదురొచ్చే పడవ మీ కాళ్ళకి తెలీదు.”

ఆయన జవాబు చెప్పలేదు. ఈసారి వినపడక కాదు.

తిరుగు దారిలో చక్రం ఆయనే పట్టుకున్నాడు. ఆమె వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కుడివైపు చిన్న పడవేదో గంట కొడితే కుడి భుజం నొక్కింది. ఆయన వెంటనే అటు చూశాడు. ఎవరూ నేర్పకుండానే ఇద్దరికీ కుదిరింది. ఆదివారం కూడా ఇలాగే నడిపితే ఏమవుతుంది అని ఒక ఆలోచన ఆమెకి తట్టింది కూడా.

మలుపు తిరిగి రేవు కనిపించగానే ఆయన భుజం విదిలించాడు.

“చెయ్యి తియ్యి. చూస్తారు.”

*

అత్తగారు గట్టు చివరికంటా వచ్చి నిలబడి ఉంది. పక్కన పంతులు. వెనకాల వడ్రంగి, ఇంకో ఇద్దరు ముగ్గురు, వినోదం చూసేవాళ్ళు.

“నడిచిందా?” అన్నాడు పంతులు.

“నడిచింది,” అంది కోడలు.

“ఇంజను సంగతి తర్వాత. మనుషుల సంగతి చెప్పండి.” అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏమండీ, నలుగురిలో నింద పడింది కాబట్టి నలుగురిలోనే అడుగుతున్నా. ఇది మిమ్మల్ని అడిగిందా, లేదా?”

మామగారు అటువైపు తిరిగి వెనక తాడు కడుతున్నాడు. గట్టు మీద ఎవరిదో చక్రాల బండి రాళ్ళ మీద గడగడమంటూ పోతోంది. అత్తగారి గొంతు అందులో కలిసిపోయిందని కోడలికి మాత్రమే తెలిసింది. ఆయన ముడి వేస్తూనే ఉన్నాడు.

“చూశారా? పలకరు. ఆ పలకకపోవడమే జవాబు.” అత్తగారు కోడలి వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. “నేనింక ఏం చేసేదే అమ్మాయ్? నువ్వైనా ఒప్పేసుకో. పొరపాటైంది, అడగడం మర్చిపోయానను. ఇక్కడితో వదిలేద్దాం.”

కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకి వినపడలేదత్తయ్యా. మూడే మాటలు. అవి అంటే ఆమె నింద పోతుంది, ఆయన చేతిలోంచి చక్రం పోతుంది, ఈ గట్టు మీదే, ఇంతమంది ముందే. ఆమె ఆ మాటలు మింగి, లాంచీ దిగి అత్తగారి పక్కకి వచ్చింది.

“నాన్నా!” పంతులు క్లాసు గొంతు తీశాడు. “అది నిన్ను అడిగిందా, లేదా?”

మామగారు తిరిగాడు. అందరి ముఖాలూ చూశాడు. కోడలి ముఖం దగ్గర ఆగాడు. ఆమె ఏమీ చెప్పలేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోతోంది.

“అడిగింది,” అన్నాడు.

అత్తగారు ఒక అడుగు ముందుకేసింది.

“అడిగిందా? మరి ఆ రోజు నన్నెవరూ అడగలేదని అరిచింది ఎవరు?”

“నేనే. అబద్ధమాడాను.”

చెవిటివాడనిపించుకోవడం కన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడం నయమని ఆయన లెక్క వేసుకున్నాడని కోడలికి అర్థమైంది. ముప్పై ఏళ్ళలో సంపాదించుకున్న పేరుని ఒక్క మాటతో నీళ్ళలో వదిలేశాడు. ఆయన గొంతులో వణుకు లేదు.

అత్తగారు కేకలు వేసినా బాగుండేది. గట్టు మీద రాతి దిమ్మ ఉంటే దాని మీద కూర్చుండిపోయింది. కొంతసేపటికి చెయ్యి చాచి, పక్కనే నిలబడ్డ కోడలి చేతిని, ఆ గ్రీజు చేతిని అలాగే పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. మూడేళ్ళలో ఆవిడ ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

“ఇంక ఎక్కడికీ వెళ్ళకు,” అంది. మెల్లగా అంది. ఆవిడకీ మెల్లని గొంతు ఉందని అప్పుడే తెలిసింది.

“పీడా వదిలింది!” పంతులు చేతులు చరిచాడు. అతనికి నెత్తి మీద నుంచి బరువు దిగినట్టుంది. “అబద్ధమైతే ఆడాడు, ఒప్పుకున్నాడు కదా. పెద్దవాడు, ఇంజను పోయిన బాధలో అనేశాడు. వదిలేయండి. మా పిల్లలు ఆదివారం ఎప్పుడా అని గెంతుతున్నారు. నాన్న నడుపుతాడని హెడ్మాస్టరుతో కూడా చెప్పేశాను. అంతేగా నాన్నా?”

“అంతే,” అన్నాడు మామగారు.

“ఆదివారం...” అంది కోడలు.

“ఆదివారం ఏమిటే?” అత్తగారు తల ఎత్తింది. “చెప్పు. ఇక మీద నీ మాటకి ఈ ఇంట్లో ఎదురు లేదు.”

అందరూ ఆమె వైపు తిరిగారు. పంతులు నవ్వుతూ, వడ్రంగి కుతూహలంగా, అత్తగారు తడి కళ్ళతో. లాంచీలో నిలబడి మామగారు కూడా చూస్తున్నాడు. ఆమె కళ్ళలోకి కాదు, పెదాల వైపు.